విప్పిన గది

పిల్లలు ఇంకా లోపల నిద్రపోతుండగానే కూల్చే యంత్రం వచ్చి గది ముందు ఆగింది.

"లోపల పసిపిల్లలున్నారు, కళ్లు కనబడవా!" అంటూ కూల్చే కూలీల మేస్త్రి కోడలు ఇటుకల గుట్ట దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. పడగొట్టిన ఇళ్ల ఇటుకలకి అంటుకున్న సున్నం గీకడం ఆమె పని. కూతురు ఆ గదిలోనే ఉంది.

జీపులోంచి కంట్రాక్టరు దిగాడు. "రేపు ఫ్లాట్లు కొనేవాళ్లు వస్తున్నారు. వాళ్లకి ఈ చెత్త కొంప చూపించనా? కొట్టెయ్యండి!"

చెత్తే, కాదనేదేముంది. వాళ్లు కూల్చిన ఇళ్లలో కంట్రాక్టరు పారేయమన్న తలుపులు, ఓటి పెంకులు, ఎవరి పడకగదిదో నీలం కిటికీ. నిరుడు పనిచోట ఆడుకుంటున్న పసివాడు గోడ కూలి మీదపడి చనిపోయాడు. అప్పుడు అందరూ పని ఆపి, కంట్రాక్టరుతో కొట్లాడి, ఏరుకున్న వాటితో పిల్లల కోసం కట్టుకున్న గది అది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "ఇంజన్లో ఏదో కొట్టుకుంటోంది సార్. టీ తాగొచ్చి చూస్తా." ఎవరి మొహమూ చూడకుండా, తీరిగ్గా నడుచుకుంటూ పోయాడు. కంట్రాక్టరు తిట్టుకుంటూ జీపెక్కి ఆఫీసుకి వెళ్లాడు.

"పుణ్యాత్ముడు! కాస్త టైమిచ్చాడర్రా," అన్నాడు మేస్త్రి.

"అడ్డంగా పడుకుందాం," అన్నాడొకడు.

"లాగి అవతల పారేస్తారు. విప్పేద్దాం మామా," అంది కోడలు.

కూల్చడం యంత్రం పని. చేత్తో ఇటుక చెదరకుండా తీయడాన్ని వీళ్లు విప్పడమంటారు. మళ్లీ ఎప్పుడైనా విప్పుకోవచ్చని గోడల్ని మట్టితోనే కట్టారు.

"మన గది మనమే పీకి వాడికి పని తప్పించాలా? సిగ్గులేదూ!" అన్నాడో పెద్దాయన.

"గది పోతే మళ్లీ కట్టుకుంటాం. ఇటుక పొడైతే నీ తలకాయతో కడతావా బాబాయ్?" అంది కోడలు.

ఆ మాటతో అందరూ కదిలారు. పిల్లల్ని బయటికి తెచ్చారు. పెంకులు దిగాయి. మూడు గోడలు చేతులు మారుతూ రోడ్డు వారకి చేరాయి. వెనక గోడ మీద మాత్రం గునపం ఖంగుమంది.

"మామా, ఇది సిమెంటా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "వానజల్లు అటే కొడుతుందని... మీకు చెప్పకుండా కలిపాను. జన్మకో గోడైనా మన కోసం గట్టిగా కట్టాలనిపించింది."

ఎవరూ తిట్టలేదు. "వాడి మేడలకి ఇసకా, మన గదికి సిమెంటూనా! గట్టివాడివే మామా," అన్నాడు బాబాయి. నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. డ్రైవరు తిరిగొచ్చాడు, యంత్రం రెండు దెబ్బలు వేసింది. గోడ పిండైంది.

ఇటుకలు నెత్తినెత్తుకుని కంట్రాక్టరు ఆఫీసుకి నడిచారు.

"మూడు గోడలకే సరిపోతాయే?"

"నాలుగోది వాడి ప్రహరీ ఉందిగా," అంది కోడలు.

సాయంత్రానికి ఆఫీసు ప్రహరీకి ఆనించి గోడలు మోకాలెత్తు లేచాయి. అప్పుడొచ్చింది పోలీసు వ్యాను. "ఎవడ్రా ఇక్కడ పెద్ద?"

మేస్త్రి తాపీ కోడలి చేతిలో పెట్టి లేచాడు. చేతుల మట్టి కడుక్కునేదాకా ఒక కానిస్టేబులు చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. తర్వాత వ్యాను ఎక్కించి తీసుకుపోయారు.

ఒక్క క్షణం అన్ని చేతులూ ఆగిపోయాయి. కోడలికి గీకడమే వచ్చు, కట్టడం రాదు. అయినా మట్టి పరిచి ఇటుక పెట్టింది.

"వంకరైంది వదినా."

"కానీ. ఇంకోటివ్వు."

ఎదురుగా సగం లేచిన మేడ మీంచి తాపీవాళ్లు చూస్తున్నారు. కూల్చేవాళ్లతో వాళ్లకెన్నడూ మాటల్లేవు. కంట్రాక్టరు ఆఫీసు బాల్కనీలోంచి అరిచాడు: "దిగినవాడికి రేపట్నుంచి పని లేదు!"

ఒకడు దిగాడు. వాడి వెనక మరో ఇద్దరు. మొదటివాడు కోడలి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"జరుగు చెల్లెమ్మా. మూల నేనెత్తుతా."

వీధి మలుపులో ఇంకో వ్యాను తిరుగుతోంది. ఎవరూ తల తిప్పలేదు.