పేరు పక్కన అంకె

"నువ్వు పిలిత్తే ఊరంతా వత్తాదమ్మీ" అని కూర్మారావు మావ నా టైలరింగ్ షాపు మెట్టు మీద కూర్చుని అంటే నేను పొంగిపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన మా జోగిపాడుకి రెండుసార్లు సర్పంచ్. ఆదివారం బడిలో కిడ్నీ క్యాంపు పెట్టిస్తున్నానని, విశాఖ నుంచి డాక్టర్లు వస్తున్నారని, రక్తపరీక్ష ఉచితమని చెప్పాడు. మా ఉద్దానంలో ఆ మాట వింటే కాదనేవాళ్ళుండరు.

జోగిపాడులో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. మా నాన్న దానితోనే పోయాడు. ఆయన పోయిన ఏడే నేనూ, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పనిచేసే సంతోషీ కలిసి ఒక పని మొదలుపెట్టాం. ప్రతి గురువారం ఆటో మాట్లాడి ఊరివాళ్ళని పలాస ఆసుపత్రికి పరీక్షలకు తీసుకెళ్తాం. మాకు ఆఫీసు లేదు, జెండా లేదు. ఉన్నదల్లా ఒక లాంగ్ నోటుబుక్కు. ఆటో ఎక్కినవాళ్ళు అందులో పేరు రాసి, పక్కన తమ క్రియాటినిన్ ఎంతో వేస్తారు. రక్తంలో అది ఒకటి దగ్గర ఉంటే ఫరవాలేదు, పెరిగేకొద్దీ కిడ్నీ పాడైపోతున్నట్టు లెక్క. నాలుగేళ్ళు ఇలా రాయించేసరికి ఊరి చేతికి అలవాటైపోయింది. ఆటో ఎక్కనివాళ్ళకి కూడా, ఏ కాగితం మీద పేరు రాసినా పక్కన అంకె పడుతుంది. ఒకసారి రేషన్ షాపులో కూడా అలాగే రాసి డీలర్ చేత తిట్లు తిన్నారు.

మాకున్న నియమం ఒక్కటే. ఎవరి అంకె వాళ్ళే చెప్పుకోవాలి, పక్కవాళ్ళు నోరెత్తకూడదు. అంకె బయటికి పొక్కితే ఆ ఇంట్లో ఆడపిల్లకీ మగపిల్లాడికీ సంబంధాలు రావు.

క్యాంపు కోసం సంతోషీ నేనూ మూడు రోజులు గడప గడపకీ తిరిగాం. సన్యాసయ్య తాత మొదట రానన్నాడు. "ఈ కూర్మారావు ఊరికినే ఏదీ సెయ్యడే. సరే, నీ మొగం సూసి వత్తాను" అన్నాడు. ఆ మాట విని కూడా నాకు బుద్ధి రాలేదు.

ఆదివారం తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు ఇద్దరొచ్చారు. బీపీ చూశారు, తలా ఒక మాత్రల అట్ట ఇచ్చారు. రక్తం వచ్చేవారం తీస్తామన్నారు. టేబుల్ మీద తెల్లకాగితాలు పెట్టి, వచ్చినవాళ్ళ పేర్లు కావాలన్నారు. కూర్మారావు మావ అందరికంటే ముందు పేరు రాసి సంతకం పెట్టి, "రండి, రండి" అన్నాడు. ఆ వెనక నూట నలభై మంది చేతికి ఒక్కొక్కరికీ పెన్ను అందించింది నేనే. దొంగ చేతికి తాళం ఇవ్వడమంటే అదే మరి.

వచ్చేవారం రక్తం తీసేవాళ్ళు రాలేదు. మూడు వారాలకి సర్వేవాళ్ళు వచ్చారు, సన్యాసయ్య తాత జీడితోటలో రాళ్ళు పాతడానికి.

ఆయనకున్నది ఎకరంన్నర. తిత్లీ తుపానులో చెట్టన్నది మిగలకపోతే, డెబ్భయ్యేళ్ళ వయసులో కావిడితో నీళ్ళు మోసి మళ్ళీ మొక్కలు వేశాడు. నిండుగా పిక్క పడింది ఈ ఏడే. రాళ్ళు ఎందుకయ్యా అంటే, మూలపేట పోర్టు వస్తోంది కదా, ఎవరో కంపెనీవాళ్ళ గోడౌన్లకి మీ ఊరు అరవై ఎకరాలు ఇవ్వడానికి గ్రామసభలో ఒప్పుకుంది అని సర్వేయరు ఫోన్లో ఒక కాగితం ఫోటో చూపించాడు. నేను వెళ్ళి చూశాను. వరసగా సంతకాలు. ప్రతి పేరు పక్కనా చిన్న అంకె.

క్యాంపులో నేను పెన్ను ఇచ్చి రాయించిన తెల్లకాగితాలే అవి, పైన తీర్మానం రాసుకున్నారు. సన్యాసయ్య తాత నావైపు చూసి, "నీ మొగం సూసి ఎట్టినాను గదే సంతకం" అన్నాడు. కర్రుచ్చుకుని కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

తిన్నగా కూర్మారావు ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. "ఏటి మావా ఇది? గ్రామసభ ఎప్పుడయినాది?" అన్నాను. "గోడౌన్లొత్తే మీ పిల్లలకే గదే ఉద్యోగాలు. నీకేటి తెలుసు, మిషను కుట్టుకో" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని మావా అని పిలిచిన నా నోరు నాకే చేదనిపించింది.

మర్నాటి నుంచి మళ్ళీ గడప గడపకీ తిరిగాం. ఈసారి ప్రతి గడపలోనూ ముందు చెప్పాల్సిన మాట "నాను మోసపోయినాను, మిమ్మల్నీ మోసం సేసినాను" అని. కొందరు కుర్చీ వేశారు, కొందరు తలుపు వేశారు. అర్జీ పెడితే పది రోజులకి పలాస రెవెన్యూ ఆఫీసులో విచారణకు రమ్మన్నారు. నలభై మందిమి వెళ్ళాం. కూర్మారావు తన భార్య దుర్గాదేవిని తీసుకొచ్చాడు. ఆవిడ వార్డు మెంబరు, తీర్మానం మీద ఆవిడ సంతకమూ ఉంది.

ఆఫీసరు నెల్లూరువైపు మనిషి, కొత్తగా వచ్చాడు. కాగితాలు తిరగేసి, "ఈ పేర్ల పక్కన అంకెలేంటి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే కూర్మారావు లేచాడు. "ఎకరాలు బాబూ. ఎవుళెంత భూమి ఇత్తన్నారో ఆళ్ళే రాసుకున్నారు."

నలభై మందికీ తెలుసు ఆ అంకెలు ఏమిటో. మా రోగాల కొలతల్ని మా పొలాల కొలతలంటున్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది.

వెనక బల్ల మీంచి పోలమ్మ లేచింది. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి, లేవడానికే ఇద్దరు పట్టుకోవాలి. "బాబూ, నా పేరు పోలమ్మ. నా పక్కనేటుందో సదవండి."

ఆఫీసరు వెతికి, "తొమ్మిది పాయింట్ రెండు" అన్నాడు.

"తొమ్మిదెకరాల సిల్లర. నాను జీడిపిక్కలు కొట్టుకుని బతికినదాన్ని. సెంటు బూమి లేదు. కూర్మారావూ, నా తొమ్మిదెకరాలు ఏ పక్కనున్నాయో సూపించు నాయినా, సచ్చేలోపు ఓపాలి తిరిగొత్తాను." నవ్వుతూనే అంది, ఎవరికీ నవ్వు రాలేదు. "అది నా కిడ్నీ అంకె బాబూ. రగతం తీత్తారని రాసినాను."

సన్యాసయ్య తాత లేచాడు. "నాది ఒకటి పాయింటు ఎనిమిది. తోట ఎకరంన్నర." ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. పెళ్ళికెదిగిన కూతురున్న సోములు కూడా లేచి తన అంకె చెప్పాడు. నాలుగేళ్ళు నోటుబుక్కులో మూసి పెట్టుకున్నవన్నీ పరాయి ఆఫీసులో నిలబడి చెప్పాల్సి వచ్చింది. నాకు ఏడుపు రాలేదు, కూర్మారావు పీక పిసకాలనిపించింది.

అప్పుడు ఆఫీసరు సరిచూడమని ఆ కాగితాలు నా ముందుకు జరిపాడు. మొదటి పేజీ నేను చూడటం అదే మొదటిసారి. మొట్టమొదటి పేరు కూర్మారావుది. పక్కన మూడు పాయింట్ నాలుగు.

ఆయనకున్నది పద్నాలుగెకరాలు. జబ్బుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎప్పుడో విశాఖలో చూపించుకుని దాచుకుని ఉంటాడు. ఊరిని ముంచడానికి పేరు రాసినవాడి చెయ్యి కూడా ఊరి చెయ్యే. అలవాటుగా నిజం రాసేసింది.

ఒక్క అరుపు అరిస్తే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నియమం పెట్టింది నేనే. కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, ఆ అంకె మీద వేలు ఉంచాను.

"ఇది నీదే గదా మావా. ఎకరాలో కాదో నువ్వే సెప్పు. నాను సెప్పను."

దుర్గాదేవి వంగి చూసింది. ఆవిడకి అర్థమైంది. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది, చిన్నగా.

"రెండేళ్ళు" అన్నాడు కూర్మారావు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "ఎకరాలు కాదు బాబూ" అన్నాడు.

తీర్మానం చెల్లదని, ఊళ్ళో అందరి ముందూ మళ్ళీ సభ పెట్టాలని ఆఫీసరు రాశాడు. అంటే గోడౌన్ల పీడ పోయినట్టు కాదు, వాయిదా పడినట్టు. మళ్ళీ వస్తారు, ఈసారి ఏ క్యాంపు పేరుతో వస్తారో.

బయట టీ బడ్డీ దగ్గర కూర్మారావు ఒక్కడే నిలబడ్డాడు. నాకు జాలి కలగాలేమో, కలగలేదు. దగ్గరికి వెళ్ళి, "గురువారం ఏడింటికి ఆటో. ఆలీసం సేత్తే ఒగ్గీసి ఎల్లిపోతాం" అని చెప్పి వచ్చేశాను.

గురువారం ఆరున్నరకే వచ్చాడు. ఆటోలో సన్యాసయ్య తాత ఆయనకి చోటు జరపలేదు. పోలమ్మే కాళ్ళు ముడుచుకుని కాస్త చోటిచ్చింది. నేను నోటుబుక్కు ఆయన ఒళ్ళో పడేశాను. రాయడానికి చెయ్యి చాపాడు.

పెన్ను నేను ఇవ్వలేదు. తన జేబులోది తీసి రాసుకున్నాడు.