నీళ్ల ట్యూబు పసుపైంది

గులాబీ రంగు పసుపుగా మారితే మొండి క్రిమి ఉన్నట్టు. మా తమ్ముడు టిఫిన్ డబ్బాలో అమర్చిన యంత్రం చెప్పేది అంతే. ఆస్పత్రి ల్యాబులో నేను రెండు రోజులు తంటాలు పడి తేల్చే సంగతిని, క్రిమి జన్యువును పట్టుకుని ఇది అరగంటలో తేల్చేస్తుందని ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. ఈ రోజు అందులో పెట్టింది వాడి కూతురి మూత్రం.

ఆస్పత్రి మంచం మీద ఆరేళ్ల పిల్ల జ్వరంతో కాలిపోతోంది. మొండి క్రిమి అయితే మామూలు మందు పనిచేయదు. పనిచేసే మందు కొందరికి వినికిడి పోగొడుతుంది. ఏది ఎక్కించాలో తెలియక డాక్టరమ్మ మా పక్కనే నిలబడి ఉంది.

పిల్ల ట్యూబు పసుపైంది.

"చూశావా అక్కా, పట్టేసింది!" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని నాకు ఒళ్లు మండింది.

పక్క ట్యూబు చూశాను. అందులో సరిచూసుకోవడానికి పోసిన ఉత్త నీళ్లు. అది మారకూడదు. అదీ పసుపే.

"నిన్న ఊళ్లో పరీక్ష చేసి చూపించాక, పసుపైన ట్యూబు మూత తీశావా?"

"చుట్టాలకి దగ్గరగా చూపిద్దామని... ఒక్కటేగా అక్కా."

"ఒక్కటి చాలదూ? అందులో పెరిగిన జన్యువంతా నీ బల్లకీ, చుక్కలు వేసే పిపెట్‌కీ అంటుకుంది. ఇక నీళ్లలోనూ క్రిమి ఉందంటుంది నీ డబ్బా. నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

డాక్టరమ్మ పిల్ల నాడి చూసింది. "ఇంకో అరగంట ఆగుతాను. ఆ తర్వాత ఆగడం నా వల్ల కాదు."

డబ్బాను బ్లీచింగ్ నీళ్లతో తుడిచాను. మా ల్యాబు నుంచి కొత్త పిపెట్, సీలు తీయని ట్యూబులు తెచ్చి పక్క గదిలో మళ్లీ మొదలుపెట్టాను. చొక్కాకీ అదే అంటుకుని ఉంటుందని కసిరి వాణ్ణి గడప దాటనివ్వలేదు.

"మారలేదుగా అక్కా? మారకూడదు," తలుపు అవతల నుంచి అంటూనే ఉన్నాడు. లోకమంతా మెచ్చుకోవాలని చేసుకున్న డబ్బా ఇందాక చెప్పింది అబద్ధం కావాలని మొక్కుకుంటున్నాడు. నేనూ అదే మొక్కుకున్నాను.

నీళ్లు గులాబీగానే ఉన్నాయి. పిల్ల ట్యూబు పసుపైంది.

తలుపు తీసి, "నిజమేరా," అన్నాను. డాక్టరమ్మ ఆ రెండో మందు సీసా అందుకుంది.

"ఒక్క నిమిషం ఆగండి మేడమ్." వాడు మంచం మీదికి వంగి కూతురి చెవికి నోరు ఆనించాడు. "నాన్ననమ్మా. ఇది నాన్న గొంతు. వింటున్నావా?"

పిల్ల కళ్లు తెరవకుండానే, "ఊఁ, వింటున్నా. ఎందుకలా అరుస్తావ్?" అంది.