లోపలివైపు కుట్టు

మా ఆయనకి ఇద్దరు భార్యలు. రెండోదాన్ని నేను. మొదటావిడ నూరడుగుల ఎత్తు, ఒళ్లంతా ఉక్కు, రోజుకి ముప్పైసార్లు పల్టీలు కొడుతుంది. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ ఆయన చేతుల్లో ఉంది. పార్కులో అందరూ దాన్ని రోలర్ కోస్టర్ అంటారు. నేను సవతి అంటాను.

ఆయన దానికి మెకానిక్కు. పొద్దున్నే ఏడింటికల్లా చిన్న సుత్తి పట్టుకుని పట్టాల వెంట మెట్లెక్కుతాడు. ఒక్కో బోల్టునీ కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. నేను పక్క గదిలోంచి కేకేస్తే వినపడని మనిషికి అరవై అడుగుల పైనున్న బోల్టు మూలుగు వినపడుతుంది. అన్నీ చూశాక ఖాళీ రైలు రెండుసార్లు తిప్పి, మూడోసారి తనొక్కడే ఎక్కి కూర్చుంటాడు. దిగాక పుస్తకంలో సంతకం పెడితేనే జనాన్ని లోపలికి వదులుతారు.

నాది అదే పార్కులో కుట్టుపని. రైలెక్కే ప్లాట్‌ఫారం కింద, సామాన్ల గదికి ఆనుకుని, నా మిషనూ ఒక బల్లా పట్టేంత చోటు ఇచ్చారు. గుడారం చిరిగినా, ఎలుగుబంటి వేషం వేసేవాడి తోక ఊడినా నా దగ్గరికే రావాలి. అసలు పని మాత్రం సీట్లు. ఆ రైలుకి ఇరవై ఎనిమిది సీట్లు. ప్రతి సీటుకీ మనిషి భుజాల మీదికి దిగి పట్టి ఉంచే కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ తలకి ఇటొకటి అటొకటి ఆనేలా రెండు ప్యాడ్లు. మొత్తం యాభై ఆరు. ఫోమ్ కోసి, రెగ్జిన్ తొడిగి, అన్నీ నేనే కుడతాను. తలమీద రైలు పోయినప్పుడల్లా నా డబ్బాలో దారపుకండెలు గజగజలాడతాయి.

పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను దాన్ని ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, "సవతి ఒళ్లో కూర్చోమంటారా?" అని నవ్వించేసేదాన్ని. నిజం చెప్పాలంటే భయం. స్టూలెక్కి బూజు దులపాలన్నా నాకు కళ్లు తిరుగుతాయి.

ఈ ఏడు కొత్తగా ముదురు నీలం రెగ్జిన్ వచ్చింది. యాభై ఆరు ప్యాడ్లకీ కొత్త తొడుగులు కుట్టాను. ఎంత బాగా కుదిరాయంటే, బిగించిన రోజున జనం నిలబడే చోటికి పోయి అరగంట సేపు చూసుకున్నాను. ఎక్కడా కుట్టు కనపడదు. బట్టైనా రెగ్జినైనా కుట్టు కంటికి కనపడిందంటే తిరగేసి తొడుక్కున్నట్టే అని మా అమ్మ నా చేతి మీద కొలబద్దతో కొట్టి మరీ నేర్పింది. అతుకు వచ్చిన వైపు లోపలికి తిప్పాను. బయటినుంచి చూస్తే నేరేడుపండులా నున్నగా నిగనిగలాడుతున్నాయి.

ఆ తరవాతే ఫిర్యాదులు మొదలయ్యాయి. అంతకుముందు లేవని కాదు. పాత రైలు, పాత పట్టాలు. చివర్లో మెలికల దగ్గర తల అటూ ఇటూ తగలడం మామూలే. కానీ ఇప్పుడు జనం చెవులు పట్టుకుని దిగుతున్నారు. "మండుతోంది" అని పుస్తకంలో రాసి పోతున్నారు. మా ఆయన చక్రాలు మార్చాడు. మార్చిన చక్రాలు మళ్లీ మార్చాడు. మెలిక దగ్గర పట్టా కింద రేకులు సర్దాడు. నేను నా వంతుగా ప్యాడ్లలో ఇంకో పొర ఫోమ్ కూరాను. ఫిర్యాదులు రెట్టింపయ్యాయి.

పోయిన బుధవారం పార్కు యజమానురాలు వచ్చారు. అందరం అమ్మగారు అంటాం. డెబ్భై దగ్గరపడుతున్నా నిటారుగా నడుస్తారు, సుత్తి లేకుండా మాట్లాడతారు.

"శుక్రవారం పదింటికి వచ్చి నేనే ఎక్కుతాను. నా చెవులు బాగుంటే సరే. లేదంటే విప్పించేసి నీళ్ల జారుడుబల్ల పెట్టిస్తాను" అని, మా ఆయన వైపు తిరిగారు. "నీ ఉద్యోగానికేం భయం లేదులే. నీళ్ల పంపుల దగ్గర వేస్తాను."

మా ఆయన తలూపాడు. అంతే. చేతిలో సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు, మళ్లీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి. ఆ మనిషి పంపుల గదిలో కూర్చుని మీటరు చూసుకోవడం నేను ఊహించుకోలేకపోయాను. సవతి అని ఎన్ని మాటలన్నా, అది లేకపోతే ఆయన ఆయనలా ఉండడని నాకు తెలుసు.

నాకు బాధ కలిగితే అది కోపంగా బయటికొస్తుంది. అమ్మగారు వెళ్లగానే విరుచుకుపడ్డాను. "ఎవరికండీ చెవులు నొప్పి? సుకుమారాలు కాకపోతే! రెండు పొరల ఫోమ్ వేశాను. దూదిలా ఉంటుంది. నేనే ఎక్కి చూస్తాను, ఎవరి చెవి ఎంత మండుతుందో!"

రైలు నడిపే మీటల తాత కుర్చీలోంచి లేచాడు. "అమ్మాయ్, ఏమన్నావ్? ఇంకోసారి అను. చెవులారా వింటాను."

నాలుక కరుచుకున్నాను గానీ మాట దాటిపోయింది. మా ఆయన మొహం పాలిపోయింది. "వద్దులేవే. నీకెందుకీ గొడవ? కళ్లు తిరుగుతాయి నీకు" అన్నాడు. ఆయన వద్దన్నాక ఇక నేను ఆగుతానా? "చివరి పెట్టెలోనే కూర్చుంటా. ఫిర్యాదులన్నీ అక్కడివేగా" అన్నాను.

కూర్చున్నాను. పక్కన ఆయన. కడ్డీ దిగి భుజాల మీద కూర్చుంది. తాత మీట నొక్కాడు. రైలు కదిలి గొలుసు పట్టుకోగానే కింద టకటకటకమని మొదలైంది. వెల్లకిలా పడుకోబెట్టి ఆకాశంలోకి లాగుతున్నారు నన్ను. "దింపమనండి" అన్నాను. "ఇప్పుడు దిగడం ముందుకే" అన్నాడు ఆయన. కింద ప్లాట్‌ఫారం పైకప్పు అగ్గిపెట్టెంత అయింది.

పైన ఒక్క క్షణం చప్పుడు ఆగిపోయింది. తరవాత పొట్ట నా దగ్గర లేదు, ఎక్కడో వెనక ఉండిపోయింది. నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. నేల మీదికొచ్చింది, మీదికొచ్చింది, పక్కకి తప్పుకుంది. కాళ్ల కింద ఆకాశం. తల మీద చెట్లు. మళ్లీ నేల, మళ్లీ ఆకాశం. రెండో పల్టీ తిరిగేటప్పుడు కళ్లు తెరిచి పక్కకి చూశాను.

మా ఆయన నవ్వుతున్నాడు. ఇంట్లో మాట కూడా తూచి మాట్లాడే మనిషి, తలకిందులుగా వేలాడుతూ, నోరంతా తెరిచి, పళ్లన్నీ బయటపెట్టి పకపకా నవ్వుతున్నాడు. ఇన్నేళ్లలో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు రోజూ ఇలా నవ్వి, మొహం సర్దుకుని దిగి, సంతకం పెడుతున్నాడన్నమాట! ఈ నవ్వు పోనివ్వకూడదు అనుకున్నాను. తలకిందులుగా ఉన్నా ఆ సంగతి నాకు స్పష్టంగా తెలిసింది.

అప్పుడొచ్చాయి మెలికలు. తల ఎడమకి తగిలింది, కుడికి తగిలింది, మళ్లీ ఎడమకి. రెండు పొరల దూది ఏమైందో గానీ, చెవి మీద ఎవరో సన్న బెత్తంతో చెళ్లుమనిపించినట్టుంది. రైలు ఆగేసరికి నాకు కోపంతో కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది అమ్మాయ్?" అన్నాడు తాత.

"మాట్లాడకు తాతా" అని గోడకున్న అద్దం దగ్గరికి పోయాను. చెవి ఎర్రగా కందిపోయింది. పైనుంచి తమ్మె దాకా ఒక గీత. దగ్గరికి జరిగి చూస్తే గీత కాదు. చుక్కలు. ఒకదాని వెనక ఒకటి, సమానమైన ఎడంతో, ఒక్కటి కూడా పక్కకి పోకుండా. వేలి కణుపుతో కొలిచాను. అంగుళానికి ఎనిమిది.

రెగ్జిన్ మీద అంగుళానికి ఎనిమిది కుట్లు ఈ పార్కులో నేను తప్ప ఎవరూ వేయరు.

తల కొట్టేసినట్టయింది. నేను లోపలికి తిప్పిన అతుకు, చూసేవాళ్లకి కనపడకుండా దాచిన అతుకు, కూర్చున్నవాడి చెవికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఇంకో పొర ఫోమ్ వేసి దాన్ని ఇంకాస్త చెవి దగ్గరికి నేనే నెట్టాను. ప్యాడ్లు కొలిచింది కూర్చున్న మనిషికే. ఆ కూర్చున్న మనిషి తల కదులుతుందని నాకు తట్టలేదు. ఎక్కితే కదా తట్టడానికి!

తప్పు ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. అయినా పట్టాల పక్కకి పోయాను. ఆయన అప్పుడే ఒక చక్రం విప్పబోతున్నాడు.

"చక్రాలు వదిలెయ్యండి. తప్పు వాటిది కాదు. నాది. నా కుట్టుది."

"అలాగా" అన్నాడు ఆయన. పానా కింద పెట్టి జేబులోంచి ప్యాడ్లు విప్పే స్క్రూడ్రైవరు తీశాడు. "చివరి పెట్టెతో మొదలెడదామా?"

ఆ రోజు మిగిలిన సగం పూటా, గురువారం రోజంతా ఇంకేం పని పెట్టుకోలేదు. ఆయన విప్పి తెచ్చేవాడు. తాత అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కుట్లు ఊడదీసేవాడు. నేను తొడుగు తిప్పి, ఎక్కించిన పొర తీసేసి, అతుకు బయటివైపు వచ్చేలా మళ్లీ కుట్టేదాన్ని. ఊడదీసిన కుట్ల చిల్లులు బయటే ఉండిపోయాయి. అతుకు మందంగా, వంకరగా, ఎవరు చూసినా కనపడేలా ఉంది. మా అమ్మ చూస్తే కొలబద్ద విరిగేదాకా కొట్టేది. సాయంత్రం నాలుగున్నరకి యాభై ఆరోది అయింది. ఈసారి బయట నిలబడి చూసుకోలేదు.

శుక్రవారం పదింటికి అమ్మగారు వచ్చి చివరి పెట్టెలో కూర్చున్నారు. పక్కన మా ఆయన. రైలు పోయింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇసుక బకెట్టు వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ బకెట్టుకి మూడు సొట్టలున్నాయి, ఇప్పుడడిగినా చెప్తాను. మెలికల దగ్గర చప్పుడు వినపడ్డప్పుడు నా రెండు చెవులూ నేనే మూసుకున్నాను.

అమ్మగారు దిగారు. జుట్టు రేగిపోయింది. ఒక చెవి తడుముకున్నారు, రెండోది తడుముకున్నారు. తాత చూపించిన అద్దంలో అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకున్నారు.

"చెవులు బాగానే ఉన్నాయి. ఇదేమిటి, కుట్లన్నీ బయటికున్నాయి? చూడ్డానికి ఏం బాగాలేదు. ఎవరు కుట్టారు?"

మా ఆయన నోరు తెరవబోయాడు. నేను ముందుకొచ్చాను. "నేనేనండీ. చూసేవాళ్లకి బాగోదు. కూర్చునేవాళ్లకి బాగుంటుంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వారు. "సరే. ఇంకో మూడేళ్లు తిరగనివ్వండి. తరవాత చూద్దాం" అని మెట్లు దిగి వెళ్లిపోయారు. తాత ఈల వేసి, గేటు తీసేవాళ్లకి కబురు చెప్పడానికి పోయాడు.

ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే మిగిలాం. సంతోషంగా గెంతాల్సింది పోయి నాకొక అనుమానం పట్టుకుంది.

"ఏవండీ, మొన్న నేను చెప్పేసరికే మీ జేబులో ప్యాడ్ల స్క్రూడ్రైవరు ఎలా ఉంది?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న చేతులే.

"రోజూ పొద్దున ఎక్కుతారు కదా. మీ చెవికి తగల్లేదూ?"

"తగిలింది."

"ఎప్పటినుంచి?"

"నువ్వు కొత్తవి వేసిన మర్నాటినుంచీ."

"కుట్టని తెలుసా?"

"అద్దంలో చూసుకున్నా. అంగుళానికి ఎనిమిది."

మూడున్నర నెలలు! ఏ లోపమూ లేని చక్రాలు ఎన్నిసార్లు విప్పాడు, ఎన్నిసార్లు బిగించాడు!

"మరి చెప్పొచ్చు కదా! అమ్మగారు నిజంగా విప్పించేసి ఉంటే?"

"పంపుల దగ్గరికి పోయేవాణ్ని." "అవి బిగించిన రోజున నువ్వు అరగంట నిలబడి చూసుకున్నావు. అంత సంతోషంగా నిన్నెప్పుడూ చూళ్లేదు. ఎలా చెప్పను?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిసి వస్తే నేను కోపాన్నే ముందు పంపిస్తాను. "చాల్లెండి మంచితనం! ఇకమీదట నా కుట్టులో లోపం ఉంటే మొహం మీదే చెప్పాలి. దాచారంటే ఊరుకోను."

"నిజంగా చెప్పమంటావా?"

"చెప్పండి."

ఆయన ఇటూ అటూ చూశాడు. "ఈ చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటుంది."

"ఈ చొక్కానా?"

"అన్నీ."

"అన్నీనా! ఎప్పటినుంచి?"

"పెళ్లయిన కొత్తలో కుట్టావే, తెల్లగీతలది. దాన్నుంచీ."

ఆయన కాలరు వెనక్కి మడిచి చూశాను. అతుకు లోపలికే ఉంది, చక్కగా, ఎవరికీ కనపడకుండా. అది ఆనేచోట మెడ మీద చర్మం గట్టిపడి చిన్న కాయ కాసింది. దాని మీద వేలు పెట్టాను. గేటు దగ్గర జనం కేకలు వినపడుతున్నాయి, ఇంకాసేపట్లో పైకి వచ్చేస్తారు.

"కదలకండి" అని నడుముకున్న కత్తెర తీశాను.