గురువారం గొయ్యి

ఇల్లు ఊగుతోందనుకుని లేచాను. తీరా చూస్తే ఊగుతున్నది ఇల్లు కాదు, మంచం పక్కన స్టూలు మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు. బయట ఏదో మిషన్ రోడ్డును నమిలేస్తోంది.

నిద్రమొహంతోనే వెళ్ళి గేటు తీశాను. బయట అడుగు పెట్టబోయి టక్కున ఆగిపోయాను. పెట్టడానికి అక్కడ నేల లేదు. మా గేటు ఈ చివర నుంచి ఆ చివరదాకా గొయ్యి. పక్కనే తడిమట్టి గుట్ట, విరిగిన సిమెంటు పెళ్ళలు, గాలికి పటపటలాడుతున్న ఎర్రచారల ప్లాస్టిక్ రిబ్బను. మా ఆయన చీకటితోనే కారు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు కాబట్టి గోతికి చిక్కకుండా తప్పించుకున్నారు. ఆయన అదృష్టం ఎప్పుడూ అంతే.

"ఏమయ్యా, ఏంటిది? మేం మనుషుల్లా కనబడట్లేదా?" అని అరిచాను. మిషన్ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

వేరే ఏ రోజైనా ఇంత గొంతు చించుకునేదాన్ని కాదు. తవ్వుకోండి నాయనా, ఊరంతా తవ్వుకోండి అని తలుపేసుకునేదాన్ని. కానీ ఇవాళ గురువారం.

గురువారం అంటే ఏమిటో చెప్పాలంటే ముందు మా అత్తయ్య సంగతి చెప్పాలి. పక్షవాతం వచ్చి ఆవిడకి ఎడమవైపు పడిపోయింది. బుర్ర మాత్రం బ్లేడే. పగలు వీల్‌చైర్, రాత్రి మంచం. మంచంలో ఒకే పక్కన పడుకుంటే ఒళ్ళు పుండ్లు పడుతుందని రాత్రంతా పక్క మారుస్తూ ఉండాలి. మధ్యలో దాహం, బాత్రూం, కాలు తిమ్మిరి, ఊరికే భయం. రాత్రికి ఎన్నిసార్లు లేస్తానో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మా ఆయనది కుంభకర్ణుడి నిద్ర. అదేమిటండీ అంటే, "అమ్మకి నీ చెయ్యైతేనే అలవాటు, నాది మొరటు చెయ్యి" అంటారు. అదే చేత్తో కారుని పసిపిల్లకి నలుగు పెట్టినంత మెత్తగా తుడుస్తారు.

వారానికి ఒక్కరోజు, గురువారం, పెద్దవాళ్ళ డేకేర్ సెంటర్ వాళ్ళ వ్యాన్ వస్తుంది. వెనకతలుపు తెరిచి, ఇనుపరేకు దింపి, కుర్చీతో సహా అత్తయ్యని ఎక్కించుకుని పోతారు. మళ్ళీ సాయంత్రమే దింపుతారు. ఆ మధ్యలో నేనేం చేస్తాననుకుంటున్నారు? పడుకుంటాను. అంతే. గిన్నెలు ఎక్కడివి అక్కడ వదిలేసి, ఫోను కట్టేసి, చచ్చినదానిలా పడుకుంటాను. ఎవరైనా అడిగితే అల్మారాలు సర్దానని, బూజు దులిపానని చెప్తాను. ఇంతదాకా మా ఇంట్లో దులిపినట్టు చెప్పిన బూజంతా నిజమైతే ఈ ఇంట్లో సాలెపురుగు వంశమే ఉండకూడదు. వారమంతా ఆ ఒక్క నిద్ర మీద బతుకుతున్నాను. అది లేకపోతే ఏమైపోతానో నాకే భయం. పోయినవారం సెలవని వ్యాన్ రాలేదు. అప్పట్నుంచి కళ్ళలో ఇసక పోసుకుని తిరుగుతున్నట్టుంది.

మిషన్ కాసేపు ఆగితే మేస్త్రీ గట్టు మీదికొచ్చాడు. హెల్మెట్ కింద తువ్వాలు చుట్టుకున్న నడివయసు మనిషి. మోకాళ్ళదాకా బురద.

"అమ్మా, కింద మెయిన్ పైపు లీకవుతోంది. వాల్వు ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉండాలి. దొరకట్లేదు."

"దొరక్కపోతే నా గుమ్మంలో తవ్వుతారా? చెప్పాపెట్టకుండా?"

"చెప్పకపోవడమేంటమ్మా? పోయినవారమే వచ్చి గుర్తులు పెట్టి వెళ్ళాంగా. నీలం పెయింటుతో బాణాలేసి, వాల్వు ఉన్నచోట గుండ్రంగా సున్నా చుట్టాం. వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. మీ గేటు ముందు మాత్రం ఒక్క గీత లేదు. ఎవరో మహానుభావుడు శుభ్రంగా తోమేశాడు. ఆ సున్నా ఉండుంటే దాని మటుకు తవ్వి, పని చూసుకుని పోయేవాళ్ళం. లేదు కాబట్టి ఇదిగో, ఇట్లా కెలుక్కుంటున్నాం."

ఆ మహానుభావుడు నాకు బాగా తెలుసు. ఆదివారంనాడు లుంగీ పైకి కట్టి, గేటు ముందు గొంతుకూర్చుని, ఇనుప బ్రష్షూ థిన్నరూ పట్టుకుని, చెమటలు కక్కుతూ నీలం గీతలు తోమిన మహానుభావుడు. "వీధి పిల్లల వెధవ పనులు. నీకు చూపించనా, ఎంత నున్నగా పోయాయో" అని నన్ను పిలిచి మరీ చూపించారు. నేను చూసి, బాగుందని కూడా అన్నాను.

ఆయనకి ఫోన్ చేశాను. గొయ్యి అనగానే అంతెత్తున లేచారు. "నోటీసివ్వకుండా ఎలా తవ్వుతారు? వాళ్ళని వదలకు. ఫోటోలు తియ్యి. నేను పైవాళ్ళతో మాట్లాడతా, ఒక్కొక్కడి తోలు తీయిస్తా."

"ఏమండీ, ఆదివారం మీరు తోమారే, నీలం గీతలు..."

అవతల ఆయన గొంతు తగ్గింది.

"అవా?"

"అవే."

"సరే, ఇక్కడ మీటింగుంది. మళ్ళీ చేస్తా" అని పెట్టేశారు. మళ్ళీ చెయ్యరని నాకు తెలుసు. కోపం రావాలి కదా, రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

లోపలికెళ్ళి అత్తయ్యకి మొహం కడిగి, తల దువ్వి, ఉతికిన చీర కట్టబెట్టాను. మందుల సంచి ఒళ్ళో పెట్టి, కుర్చీ తోసుకుంటూ గేటు దగ్గరికి తెచ్చాను. గొయ్యి ఉన్నా ఎలాగో ఒకలా దాటిస్తారులే అని నా ఆశ. ఆశకి హద్దేముంది?

వ్యాన్ వచ్చింది. డ్రైవర్‌ని అత్తయ్య "బెల్టు" అని పిలుస్తారు. ప్రతి కుర్చీకీ బెల్టు బిగించి, లాగి చూసి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కు.

బెల్టు దిగి గొయ్యి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "మేడమ్, రేకు దింపడానికి చోటెక్కడుంది?"

"ఒక్క నిమిషం బాబూ" అని మేస్త్రీ వైపు తిరిగాను. "మేస్త్రీ గారూ, ఒక చెక్క వెయ్యండి. కుర్చీ దాటిస్తే చాలు."

మేస్త్రీ మొహమాటపడ్డాడు. గీతలు తోమింది ఎవరో అతనికి తెలీదు పాపం, తప్పంతా తనదే అన్నట్టు మనుషుల్ని పిలిచి పొడుగాటి చెక్క ఒకటి తెప్పించాడు. "నలుగురం పట్టుకుని పువ్వులా దాటిస్తాంలే అమ్మా" అన్నాడు. చెక్క వేశారు. బెల్టు ముందుకొచ్చి, గోతి అంచు మీద బూటుతో మెల్లగా నొక్కాడు. గంపెడు మట్టి జారి నీళ్ళలో పడింది. చెక్క పక్కకి ఒరిగింది.

"నేను ఎక్కించుకోలేను మేడమ్" అన్నాడు బెల్టు.

"కొంచెం చూడవయ్యా. నేను కూడా పట్టుకుంటాను."

"కాలు జారితే మనిషి దక్కదు మేడమ్."

మేస్త్రీ కూడా తల అడ్డంగా ఊపాడు. "ఆయనన్నది నిజమేనమ్మా. నేనే తొందరపడ్డాను. అయినా ఒక్కరోజేగా, ఇంట్లోనే ఉండనివ్వండి. పెద్దావిడకి విశ్రాంతి."

ఆ ఒక్కరోజేగా అన్న మాటకి నాకు ఎక్కడో తెగింది. నా బాధ నా నోటితో ఎలా చెప్పను? అందుకని అత్తయ్య మీద పెట్టి చెప్పాను. "మీకు తెలీదు. ఆవిడకి అక్కడంటే ప్రాణం. వారమంతా గురువారం కోసం ఎదురుచూస్తారు. వెళ్ళకపోతే బెంగ పెట్టుకుంటారు. తిండి కూడా తినరు." అత్తయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని, గోతిలో నీళ్ళు చూస్తూ కూర్చున్నారు. అవునని అనలేదు, కాదని అనలేదు.

వ్యాన్ కిటికీలోంచి ఒక పెద్దాయన మాకు చెయ్యి ఊపాడు. బెల్టు ఎక్కి, వెనక్కి తిరిగి అందరి బెల్టులూ ఇంకోసారి చూసుకుని, వెళ్ళిపోయాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. మేస్త్రీ ఏదో ఓదార్పు మాట అన్నాడు. మళ్ళీ మిషన్ మొదలైంది.

కుర్చీ లోపలికి తిప్పబోతుంటే, "వరండాలోనే ఉంచు. కాసేపు చూస్తా" అన్నారు అత్తయ్య.

అక్కడే ఉంచి, నేను మెట్టు మీద కూలబడ్డాను. టీ పెట్టాలి, బట్టలు నానబెట్టాలి, మధ్యాహ్నం మందులు తియ్యాలి. మళ్ళీ రాత్రి వస్తుంది. మళ్ళీ శుక్రవారం, శనివారం. వచ్చే గురువారం కొండకి అవతల ఉన్నట్టుంది. అత్తయ్య ఒకప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. పని జరుగుతుంటే ఆవిడ ఊరుకోలేరు. "ఆ పలుగు పట్టినాయన్ని అలా వంగొద్దని చెప్పు, నడుం పట్టేస్తుంది" అన్నారు. చెప్దామని లేవబోయాను. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎలాగూ మిషన్ చప్పుడులో వినపడదని ధైర్యం. సరిగ్గా అప్పుడే ఆ పాడు మిషన్ ఆగింది.

"ఎందుకే ఏడుస్తున్నావ్?"

"ఏం లేదత్తయ్యా. మీకు ఇవాళ వెళ్ళడం కుదరలేదని."

"నా కోసమా?" నవ్వారు. ఆవిడ నోరు ఇప్పుడు ఒకపక్కే నవ్వుతుంది.

"మీకక్కడ మంచి కాలక్షేపం కదా."

"కాలక్షేపమా? రంగు బంతి చేతికిచ్చి పక్కవాళ్ళకి అందించమంటారు. అందిస్తే చప్పట్లు. తర్వాత అందరం గుండ్రంగా కూర్చుని గాల్లో చేతులు ఊపాలి. డాక్టర్లనే గుమ్మం బయట నిలబెట్టినదాన్ని నేను. అక్కడ పనిచేసే పిల్లొచ్చి 'శభాష్ బామ్మా' అని నా బుగ్గ గిల్లుతుంది. ఆ బంతి దాని నెత్తిన వేద్దామనిపిస్తుంది. ఇక పక్క కుర్చీ ఆయనైతే పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇంటికెప్పుడు పోతాం అని ఏడుస్తూనే ఉంటాడు. నన్ను చూసి వాళ్ళావిడనుకుంటాడు."

నేను కొంగు తీసి ఆవిడ వంక చూశాను. "మరి ఇంటికొచ్చాక ఎప్పుడడిగినా బాగుందంటారు?"

అత్తయ్య పనిచేసే చేత్తో మందుల సంచి పట్టీ సర్దుకున్నారు.

"డబుల్ డ్యూటీ చేసిన నర్సు మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదంటే ఎలా నమ్ముతావే? అలాంటి మొహం కనిపిస్తే డ్యూటీల రోస్టరు పక్కన పెట్టి, ముందు పోయి పడుకోమనేదాన్ని. ఇప్పుడు నాకు రోస్టరు లేదు. నిన్ను పంపడానికి చోటూ లేదు. అందుకని నేనే పోతున్నా."

"అత్తయ్యా..."

"సాయంత్రం నేనొచ్చేసరికి బూజు దులిపానంటావు. బూజు దులిపినవాళ్ళ చెంప మీద దిండు ముడతలుంటాయా? ఆ ముడతలు చూసుకుని, పోన్లే, పోయినందుకు ఫలితం దక్కింది అనుకుంటా. మరి బాగుందనక ఏమనను?"

మెట్టు మీద నుంచి జరిగి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆవిడ చెయ్యి నా తల మీద పడింది. ఇంతకాలం నేను హాయిగా పడుకున్న పడకంతా ఆవిడ ఆ బంతుల మధ్య కూర్చుని కొనిపెట్టిందన్నమాట. సిగ్గేసింది. చెప్పలేనంత ప్రేమ కూడా వచ్చింది. కానీ అన్నిటికంటే ఎక్కువగా భయమేసింది. తెలిసిపోయింది కదా, ఇక ఎలా పంపను?

గోతిలోంచి ఒక్కసారి గోల. "దొరికింది! దొరికింది!" మేస్త్రీ బురదచెయ్యి పైకెత్తి మావైపు ఊపాడు, మేమే వెతకమన్నట్టు.

"దొరికిందట" అన్నారు అత్తయ్య. "అయితే వచ్చే గురువారానికి పూడ్చేస్తారుగా?"

"పూడ్చేస్తారు."

"వ్యాన్ వస్తుందిగా?"

"వస్తుంది."

"సరే అయితే. పోయొస్తాలే."

వద్దత్తయ్యా, మీరింక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. మాట పెదవులదాకా వచ్చింది. ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు. ఎదురుచూస్తున్నారో, వద్దంటున్నారో నాకు అర్థం కాలేదు.

నోరు మూసుకున్నాను. నాకు గురువారం కావాలి.