తొర్ర విడవని కర్నల్

మా పంతనాల్ చిత్తడినేలల పచ్చికబయళ్ళలో చిలక రెక్కలు కత్తిరించి పెంచేవాళ్ళకు మర్యాద ఉండదు. డోనా ఇదలీనా పెంచిన నీలి మకావ్ చిలక కూడా, ఎటైనా ఎగిరిపోగలిగి ఉండి, ఇరవై ఆరేళ్ళుగా ఆమె వంటింటి కిటికీ మీదే వాలేది. ముక్కు నుంచి తోక కొస దాకా మీటరు పొడవు. పశువులు గుజ్జు తిని దొడ్లో వదిలేసిన అకురి అనే తాటిజాతి కాయల టెంకలను ఆమె ఏరి, కడిగి పెట్టేది. నేను సుత్తితో బాదితే గాని పగలని టెంకను అది ముక్కుతో, రంపం పెట్టినట్టు, రెండు చెక్కలు చేసేది. ఆ దర్పానికే కర్నల్ అని పేరు. ముక్కు పరిమాణం చూసి మగదని తేల్చింది మాత్రం సైన్సు మాస్టారునైన నేనే.

ఆ సెప్టెంబరులో కర్నల్ కిటికీకి రావడం మానేసింది. దొడ్డి వెనుక మాండువీ చెట్టు తొర్రలో దూరి, ఎప్పుడో గాని బయటికి వచ్చేది కాదు. వచ్చినప్పుడు తోక ఈకలు వంకరపోయి కనిపించేవి.

"చావడానికే దూరాడు మాస్టారూ," అంది ఇదలీనా. "మా ఆయనా అంతే. చివరి నెల గది దాటలేదు."

"పోలికలతో రోగం తేలదు, డోనా. చూడాలి."

"చూడు మరి. రిటైరయ్యాక నీకేం పని, నా తెరెరే కషాయం చల్లగా తాగిపోవడం తప్ప? వాణ్ణి కిందికి దింపు. పోతే నా ఒళ్ళో పోవాలి గానీ ఆ చీకట్లో కాదు."

నిచ్చెన వేసి ఎక్కాను. కర్నల్ నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగింది. టార్చిలైటు వేశాను. చెక్కపొట్టు మీద అరచేతిలో ఇమిడేంత గులాబీరంగు ప్రాణి, కళ్ళు తెరవనిది, తల నిలపలేక ఊగుతోంది. కర్నల్ వంగి, టెంకలు చీల్చే ఆ ముక్కుతోనే దాని చిరుముక్కును పట్టి మేత అందించింది. అందుకు ఎంత బలం అణచుకోవాలో లెక్కకట్టబోయి మానేశాను. పై కొమ్మ మీద, కర్నల్‌తో పోలిస్తే ఈకంత తేడా లేని మరో మకావ్ అరిచింది.

"బతికున్నాడా?"

"కర్నల్ ఆడది, డోనా. తొర్రలో కూర్చుని పొదిగేది ఆడదే, తోక వంకరపోయింది అందుకే. పిల్లను సాకుతోంది. దింపితే ఆ పిల్ల చచ్చిపోతుంది. రక్తపరీక్ష చేస్తే గాని తెలియని సంగతి ముక్కు చూసి చెప్పాను. తప్పు నాది."

కింద ఆమె నిచ్చెన మెట్టు మీద చెయ్యి వేసింది.

"ఇన్నేళ్ళు కర్నలూ అని పిలిస్తే ఒక్కనాడూ విసుక్కోలేదు చూడు," అంది. "నువ్వు దిగు, నేను చూస్తాను."

"డెబ్బై రెండేళ్ళ మనిషివి, డోనా."

"నిచ్చెన పట్టుకో మాస్టారూ. పాఠం తర్వాత చెబుదువు."

ఆమె ఎక్కి తొర్రలోకి చూసింది. నా చేతుల మధ్య నిచ్చెన సన్నగా వణకడం తెలిసింది. దిగమని అనలేదు. ఎండ వాలేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.