చేతి మీద నీళ్ళు

మా బావమరిది నాకు చేసిన అన్యాయం గురించి ముందు చెప్పాలి. వాణ్ని అందరూ డాక్టరు అంటారు. మనుషులకు కాదు, కుండీ మొక్కలకు. రెండేళ్ళ కోర్సు ఒకటి చదివి, మెడలో భూతద్దం వేలాడేసుకుని తిరుగుతాడు. నేను ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ ఆ గడప తొక్కనివాణ్ని. నాకు వచ్చిన విద్యంతా వాడి తండ్రి, అంటే మా మామ, చేత్తో నేర్పిందే.

మాది ఆఫీసులకు నీడలో పెరిగే మొక్కలు నెల అద్దెకు ఇచ్చే పని. ఊరి చివర పచ్చటి నీడతెర కప్పిన షెడ్డులో మొక్కలు పెంచుతాం. ఆ స్థలం సగం కొడుక్కి, సగం అల్లుడికి అని మామ బతికుండగానే రాసిపెట్టాడు. నాకు ఈ భూమ్మీద ఉన్న ఆస్తి ఆ సగమే.

మామ కుడిచేతికి ఉంగరపు వేలు లేదు. వయసులో ఉన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పోయింది. ఆయనకొక పద్ధతి ఉండేది. పొద్దున ఆరున్నరకు షెడ్డులో ఉత్తరం వైపు కుళాయి దగ్గర నిలబడి రెండు చేతులూ చాపేవాడు. నేను సబ్బుబిళ్ళ చేతికిచ్చి, మగ్గుతో నీళ్ళు పోయాలి. కుళాయి తనే తిప్పుకునేవాడు కాదు.

"కుళాయి తిప్పేటప్పుడు చేతి మురికి దానికి అంటుతుంది. కడుక్కుని మళ్ళీ కట్టేటప్పుడు అదే మురికి చేతికి అంటుతుంది. ఇంక కడుక్కుని ఏం లాభంరా అల్లుడూ?" అనేవాడు.

చేతులు కడిగాక వరసల మధ్య నడుస్తూ ప్రతి మొక్కనీ పలకరించేవాడు. బొటనవేలు ఆకు పైన, మిగిలిన వేళ్ళు కింద పెట్టి, పసిపిల్ల చెవి పట్టుకున్నట్టు మెత్తగా పట్టి చూసేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ చేతుల మీద నీళ్ళు పోశాను. కన్నకొడుకు ఒక్కరోజూ పోయలేదు. వాడికి పొద్దున్న ఎనిమిదికి గానీ తెల్లారదు.

పోయిన ఏడు మామ పోయాడు. నలభై రోజులు తిరక్కముందే మొక్కలకు మచ్చలు మొదలయ్యాయి.

మచ్చంటే అన్నీ ఒకటి కావు. ఆకు కొసలు మాత్రమే ఎండితే నీళ్ళలో ఉప్పు ఎక్కువని అర్థం. కింది ఆకులు పసుపెక్కి, మట్టి కుళ్ళువాసన వేస్తే నీళ్ళు ఎక్కువైనట్టు. ఉన్నచోటు నుంచి కదిపితే ఫైకస్ మొక్క అలిగి పచ్చి ఆకులే రాల్చేస్తుంది. ఇవేవీ కాదు. ఆకు మీద తడి మరకలా మొదలై, నడుమ నల్లబడి, చుట్టూ పసుపు గీత కడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే ఆ గీత దీపంలా మెరుస్తుంది. వారానికి ఆకు రాలుతుంది. అది తడి చేతుల మీదుగా, తడి గుడ్డ మీదుగా పాకే రోగం. ముట్టుకుంటే అంటుకునేది.

నేను వెళ్ళే ప్రతి ఆఫీసులోనూ అదే. ఇరవై మంది ఖాతాదార్లలో ఆరుగురు మొక్కలు వెనక్కి పంపేశారు.

"నీ గుడ్డే బావా," అన్నాడు డాక్టరు. "ఒకటే తడిగుడ్డతో ఊళ్ళో ఆకులన్నీ తుడుస్తావు. రోగాన్ని నువ్వే ఇంటింటికీ మోసుకుపోతున్నావు."

"ఆ గుడ్డ రోజూ ఉడకబెడతానురా. నువ్వు తెచ్చి పెట్టిన ఆ పైపులున్నాయే, పైనుంచి జల్లు కొట్టేవి, ఆకులు పొద్దస్తమానం నానబెట్టేవి, వాటిని అడుగు."

"ఏడో క్లాసు చదివి నాకు పాఠం చెప్పకు."

"చెప్పను. చెప్పించుకునే బుర్ర కూడా ఉండాలిగా."

మాటా మాటా పెరిగి పందెం దాకా పోయింది. బీమా ఆఫీసు నాలుగో అంతస్తులో అద్దాల గది ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఆరు కొత్త ఫిలోడెండ్రాన్ మొక్కలు పెట్టాలి. పక్కన బకెట్లు పెట్టి, నూలు వత్తులు మట్టిలోకి దించితే నీళ్ళు వాటంతట అవే ఎక్కుతాయి, ఎవరూ లోపలికి వెళ్ళక్కర్లేదు. తాళంచెవి డాక్టరు దగ్గర. ముప్పై రోజుల్లో వచ్చే కొత్త ఆకులకు మచ్చ పడితే తప్పు షెడ్డుది, వాడు పైపులు పీకేసి నాకు క్షమాపణ చెప్పాలి. కొత్త ఆకులు శుభ్రంగా ఉంటే తప్పు నా చేతిది, నా సగం వాడికి రాసేసి పని మానుకోవాలి. పౌరుషానికి పోయి కాగితం మీద సంతకం పెట్టాను.

పదో రోజు అద్దంలోంచి చూస్తే అప్పుడే విచ్చుకున్న ఆకు మీద మచ్చలు. గెలిచాననుకున్నాను. గుండె నిండా గాలి పీల్చుకున్నాను. నా వెనకే వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"ఏంటన్నా, మొక్కకి అమ్మవారు పోస్తే నువ్వు నవ్వుతున్నావు?"

"నీకు తెలీదులే. అది నా ఇల్లు నిలబెట్టే జబ్బు."

నవ్వుతూనే ఇంకోసారి చూశాను. రెండో ఆకు, మూడో ఆకు. అన్నిటి మీదా మచ్చలు ఒకే తీరు. రెండు మచ్చలు పక్కపక్కన, తర్వాత ఒక వేలి ఎడం, తర్వాత ఇంకొకటి. వాటికి ఎదురుగా ఒక పెద్ద మచ్చ.

ఆ రోజు మేం మొక్కలిచ్చే బ్యాంకు నుంచి రాలిన ఆకులు నాలుగు సంచిలో వేసుకుని ఇంటికి పోయాను. అంతకు ముందు వందసార్లు చూసినవే. మచ్చ రంగు చూశాను, గీత చూశాను, ఎండిన తీరు చూశాను. ఎక్కడెక్కడ పడ్డాయో చూడలేదు. ఏమీ చెప్పకుండా మా ఆవిడ ముందు పరిచాను. ఆమె ఒక ఆకు తీసుకుని ఊరికే తిప్పింది. తర్వాత బొటనవేలు పెద్ద మచ్చ మీద పెట్టింది, మిగిలిన వేళ్ళు కింద పెట్టింది. ఉంగరపు వేలి కింద మాత్రం మచ్చ లేదు.

"ఏమండీ, ఇది నాన్న చెయ్యి," అంది.

అరిచి ఉంటే బాగుండేది. మామూలుగా, ఎవరో వచ్చారు తలుపు తియ్యమన్నట్టు అంది.

"ఆయన మొక్కల్ని ఎందుకు పాడుచేస్తాడే?"

"పాడుచెయ్యడం కాదు. చూసుకుంటున్నాడు. మరి పొద్దున్నే చేతుల మీద నీళ్ళు ఎవరు పోస్తున్నారు?"



మర్నాడు సాయంత్రం ఆఫీసు కట్టేసే వేళకు అద్దాల గది ముందు మగ్గుతో నీళ్ళు, కొత్త సబ్బుబిళ్ళ పెట్టి వచ్చాను. పొద్దున చూస్తే నీళ్ళు నీళ్ళలానే ఉన్నాయి. సబ్బు పొడిగా ఉంది. అద్దం అవతల మరో ఆకు మీద కొత్త తడి మరకలు. అప్పుడు తట్టింది. ఆయన ఎన్నడైనా తన చేత్తో మగ్గు పట్టుకున్నాడా?

ఆ మరుసటి రోజు ఆరున్నరకే వెళ్ళాను. వాచ్‌మన్ కింద టీ తాగుతున్నాడు. నడవాలో తూర్పు కిటికీ నుంచి ఎండ పడుతోంది. ఖాళీ బకెట్టు కింద పెట్టి, సబ్బు ఎడమచేతిలో ముందుకు చాపి, కుడిచేత్తో నీళ్ళ మగ్గు పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసింది. ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి పంపుతారు.

"మామా, నీళ్ళు," అన్నాను.

సబ్బు నా చేతిలోంచి జారలేదు. ఎత్తుకున్నట్టు తేలిగ్గా పోయింది. నేను దాని వంక చూడలేదు. కళ్ళు మగ్గు మీదే పెట్టి వంచాను. ధార తిన్నగా పడి బకెట్టు అడుగు తాకాలి. తాకలేదు. జానెడు కింద గాలిలో దేన్నో కొట్టుకుని చీలింది. నాలుగు పాయలుగా చీలి, ఒక చోట సందు వదిలి, నురగతో కిందకు జారింది. రెండు చేతులు ఒకదాన్నొకటి రుద్దుకునే చప్పుడు వినిపించింది. ఇరవై రెండేళ్ళు విన్న చప్పుడు. మగ్గు ఖాళీ అయ్యేదాకా పోశాను. తర్వాత సబ్బు బకెట్టు అంచున పెట్టి ఉంది, తడిగా.

అప్పుడు కూడా ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఇప్పుడున్న మచ్చాకులు ముప్పయ్యో రోజుకు రాలిపోతాయి గానీ, రేపటి నుంచి రాకుండా ఉంటే చాలు. మచ్చలు వస్తాయి, నేను గెలుస్తాను, స్థలం నాది. మెట్లు దిగుతూ నాలుగు అంతస్తులూ అదే లెక్క వేసుకున్నాను. మర్నాడు ఆరున్నరకు మళ్ళీ వెళ్ళాను. ఆ చేతులు చాపి ఎదురుచూస్తుంటాయని తెలిసాక ఎలా మానేది? వాచ్‌మన్ అడిగితే నేల తుడుస్తున్నానన్నాను.

"జీతం పెంచమని అడుగన్నా మరి," అన్నాడు వాడు.

కొత్త మచ్చ ఒక్కటీ పడలేదు. బ్యాంకులో పడలేదు, ఆసుపత్రి వరండాలో పడలేదు. మచ్చపడ్డ ఆకులు పసుపెక్కి రాలిపోయాయి.

ముప్పయ్యో రోజు డాక్టరు తాళం తీశాడు. చివుళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాడు భూతద్దం పెట్టి ఒక్కో ఆకూ చూశాడు. చూసి చూసి కింద కూర్చున్నాడు. ప్రతి కుండీ పక్కనా రాలిన ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బోర్లా పెట్టి, కాడలన్నీ తలుపు వైపుకి. లెక్కకు తేలిగ్గా ఉంటుందని మామ అలాగే పేర్చేవాడు. వాడు పై ఆకు తీసి తిప్పాడు. వేళ్ళు మచ్చల మీద ఆనించాడు. ఉంగరపు వేలు మడిచాడు.

"ఇవి కొత్తాకులేరా. ఇక్కడ విచ్చుకున్నవే," అన్నాను. "వీటిని ఎవరు పేర్చారో చెప్పు."

"గాలికి."

"తాళం వేసిన గదిలో గాలా?"

వాడు ఆ ఆకును చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు.

"షెడ్డు నుంచి వచ్చిన పాతాకులు అవి, లెక్కలోకి రావు. కొత్తవి శుభ్రంగా ఉన్నాయి. నువ్వు ముట్టుకోలేదు, రోగం రాలేదు. కాగితంలో ఏం రాసుకున్నామో అదే."

"జేబులో ఉన్నది ఎవరి చెయ్యో తెలిసే అంటున్నావా?"

"మాటంటే మాటే బావా," అన్నాడు, నా మొహం చూడకుండా.

నేను రోజూ నీళ్ళు పోశానని చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? గది జోలికి పోయానని ఇంకో తప్పు రాసేవాడు. వారంలో రిజిస్ట్రేషను అయింది. గేటుకు కొత్త తాళం పడింది. తండ్రి చేతుల మీద నీళ్ళు పోసే పని ఇప్పుడు వాడిదే. ఎనిమిదికి ముందు వాడు లేవడు. షెడ్డులో మళ్ళీ ఆకులు రాలుతున్నాయని, ఈసారి మొదటి వరస నుంచి చివరి వరస దాకా మచ్చలున్నాయని, నీడతెర వేసే కూలివాడు చెప్పాడు.

నాకు పోయింది తొంభై రెండున్నర చదరపు గజాలు, ఉత్తరం వైపు కుళాయితో సహా.