గోడ జరిగినంత

లేవగానే చిన్నది చేసే మొదటి పని గోడ ఎంత జరిగిందో చూసుకోవడం. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం, వదినకి కూరలు తరిగిపెట్టడం, పనికి పరిగెత్తడం. తలలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నా ఇంట్లో ఆమె ఇంకా చిన్నదే.

అన్నయ్య గదికీ ఆమె గదికీ మధ్య ఒకటే గోడ. వదిన బీరువాతో కాపురానికొచ్చిన వారం ఆ గోడ మొదటిసారి ఇటు జరిగింది. పిల్లాడు పుట్టినప్పుడు మళ్ళీ జరిగింది, వాడికి సైకిలు కొన్నప్పుడు ఇంకోసారి. ఎవరూ నెట్టలేదు. రాయి మీద రాయి ఈడ్చినట్టు ఓ చప్పుడు, అంతే.

"గోడ జరిగిందే," అనేది అమ్మ, పాలు విరిగాయన్నట్టు. "కాస్త సర్దుకో."

సర్దుకోవడంలో చిన్నదాన్ని మించినవాళ్ళు లేరు. ముందు బల్ల తీసేసింది, తర్వాత మంచం. మంచం పోయాక, తను పనిచేసే షెడ్డు నుంచి కుట్టు వంకరపోయిన ఊయల ఒకటి తెచ్చుకుని, కిటికీ చువ్వకీ జరిగే గోడకున్న కొక్కేనికీ మధ్య కట్టుకుంది. కొండలూ అడవులూ తిరిగేవాళ్ళు రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయలలు ఆ షెడ్డులో తయారవుతాయి. వాటిని చెట్లకి కట్టే పట్టీలు కుట్టడం చిన్నదాని పని.

గోడ జరిగినప్పుడల్లా ఊయల వదులై ఆమె నడుము నేలకి ఆనేది. అప్పుడు కత్తెర తీసి, పట్టీలు జానెడు కోసి, పోగులు ఊడకుండా చివరల్ని కొవ్వొత్తి మంటకి చూపించి మళ్ళీ కట్టుకునేది. పట్టీలకున్న ఇనుప రింగులు గోడకి కొట్టుకుంటున్నాయని వదిన విసుక్కుంటే వాటినీ పీకేసి ముడులు వేసింది. కోసిన ముక్కల్ని మాత్రం అమ్మ ఒక్కటీ పారెయ్యనిచ్చేది కాదు. అన్నీ కూరి దిండు కుట్టింది. ఆ దిండు మీద తల పెట్టి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని చిన్నది నిద్రపోయేది. కాళ్ళు చాపుకుని పడుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఓ రోజు షెడ్డు ఓనరు అందరి మధ్యా నిలబడి తల పట్టుకున్నాడు.

"ఊయల గుడ్డ ఈకలా ఉందంటున్నారు. పట్టీలు మాత్రం గుదిబండలట! వీపున మోసుకెళ్ళేవాడు తిట్టడా మరి? మనిషి బరువు ఆపుతూ అన్నిటికన్నా తేలిగ్గా ఉండే పట్టీలు ఎవరు చేస్తే వాళ్ళకి మన కొండ మీది విడిదిలో ఉద్యోగం. అక్కడే ఉండి, వచ్చినవాళ్ళకి ఊయలలు కట్టిపెట్టాలి. తిండీ తిప్పలూ నేను చూసుకుంటా."

అక్కడే ఉండాలి అన్న మాట చిన్నదాని చెవుల్లో ఉండిపోయింది. మర్నాడు తన ఊయల పట్టీలు విప్పి తెచ్చి కాటా మీద పెట్టింది.

"ఈ కాటా నిద్రపోతోందా ఏంటి?" ఓనరు దాన్ని తట్టి చూశాడు. "భలేదానివమ్మా! ఆదివారం నాతో కొండెక్కు. ఒక్క రాత్రి వీటి మీద పడుకుని చూపించు, ఉద్యోగం నీది. లేదంటే అంచులు కుట్టే ఆవిడది."

ఇంట్లో చెప్తే అన్నయ్య నోటి దగ్గరి ముద్ద ఆపేశాడు. "కొండ మీదా? ఇక్కడ నీకేం తక్కువైందని?"

"వెళ్ళనివ్వండి. ఆ గది ఖాళీ అయితే మన పిల్లాడు చదువుకోడానికి..." వదిన మాట పూర్తి కాకముందే లోపల చప్పుడైంది.

"జరిగినట్టుంది," అంది అమ్మ. "ఇంకాస్త వడ్డించనా?"

చిన్నది చెయ్యి కడుక్కుని వెళ్ళి చూసింది. చేతులు చాపితే రెండు అరచేతులూ రెండు పక్కలా తగిలాయి. ఊపిరాడలేదు. ఆ ఉద్యోగం రాకపోతే తిరిగొచ్చి ఎక్కడ నిలబడాలో ఆమెకి తెలియలేదు. ఏడుపొచ్చింది గానీ, పక్క గదిలోకి వినిపిస్తుందని మింగేసుకుంది.

బయల్దేరేటప్పుడు అమ్మ ఆమె సంచిలో దిండు కుక్కింది.

"కొండకి దిండెందుకే అమ్మా, మొయ్యలేక చావాలి."

"ఇది లేందే నీకు నిద్ర పట్టదు. ఉండనీ."

కొండ మీద సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఓనరు రెండు మంచి చెట్లు చూపించాడు. చిన్నది ఒక పట్టీ మానుకి చుట్టి, ఊయల లాగి, రెండోది అందించబోయింది. అందలేదు. ఇంకో జత చూశారు, అక్కడా అందలేదు. దగ్గర దగ్గరగా ఉన్నవన్నీ లేత మొక్కలు, మనిషి కూర్చుంటే వంగిపోయేవి.

"ఎందుకమ్మా ఇంత పొట్టిగా కోసిపెట్టావు?" ఓనరుకి నిజంగానే జాలేసింది.

చిన్నది చేతిలోని పట్టీ వంక చూసుకుంది. పట్టీలు తేలికయ్యాయంటే అందులో తన పనితనమేమీ లేదు. గోడ జరిగినంత కోసుకుంటూ పోయింది. ఈ లోకం మొత్తంలో ఆ పట్టీలు సరిపోయేది ఆ గదికొక్కదానికే.

"పోనీలే. పొద్దున బస్సుకి దిగిపో," అన్నాడాయన.

ఆమె మొదట చూసిన రెండు చెట్ల మధ్యే కూలబడి, అలవాటు చొప్పున మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుంది. కాసేపటికి రాయి మీద రాయి ఈడ్చినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు ఆమెకి కొత్త కాదు. తలెత్తి చూస్తే ఎడమవైపు చెట్టు ఆమె పక్కకి వచ్చి నిలబడింది, వేళ్ళ వెనకాల మట్టి తిరగబడి ఉంది.

"చెట్టు జరిగిందే," అన్నాడు ఓనరు. "ఇంకేం, కట్టు మరి."

కట్టింది. అందింది. పడుకుంది.

తెల్లారేసరికి వీపుకి తడి తగిలింది. ఊయల వదులై నడుము గడ్డి మీద ఆని ఉంది. చెట్టు ఇంకో జానెడు దగ్గరికొచ్చింది. ఓనరు టీ పట్టుకుని వచ్చి, తెగకుండా ఉన్న పట్టీల్ని లాగి చూసి మురిసిపోయాడు.

"భేష్! ఉద్యోగం నీది. ఇవి ఇలా ఇచ్చెయ్యమ్మా. ఇదే కొలతకి అన్నీ కోయిస్తా."

ఇచ్చేసింది. ఎవరెవరి గోడలకి సరిపోతాయో అనుకుంది మనసులో. ఆయన అటు దిగాడో లేదో అమ్మ ఫోను చేసింది.

"గోడ మొత్తం జరిగిపోయిందే. నీ కిటికీ ఇప్పుడు అన్నయ్య గదిలో ఉంది. నువ్వొస్తే హాల్లో చాప వేస్తాలే, సర్దుకుందువుగాని." గొంతు తగ్గించి, "ఆ దిండు జాగ్రత్త. నీ ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ పోనివ్వలేదు," అంది.

ఫోను పెట్టేశాక చిన్నది చాలాసేపు దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ తను సర్దుకుంటుంటే అమ్మ ఏం చేస్తూ కూర్చుందో ఇప్పుడు తెలిసింది. చప్పుడైంది. చెట్టు ఇంకాస్త దగ్గరికి జరిగింది. కాస్త సర్దుకోమన్నట్టు కొమ్మ ఆమె భుజానికి తగిలింది.

"ఇంక నావల్ల కాదు," అంది చిన్నది పైకే.

కత్తెర తీసి దిండు కుట్లు విప్పింది. ముక్కలన్నీ గడ్డి మీద కుప్పగా పడ్డాయి. సంచిలోంచి సూదీ దారం తీసి, ఒక్కొక్కదాన్నీ పక్కదాని మీద ఆనించి, అడ్డంగా ఒకసారి, ఐమూలగా ఒకసారి కుట్టుకుంటూ పోయింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఎండ దిగే వేళకి అతుకుల మీద అతుకులతో, దాదాపు కోయకముందున్నంత పొడుగు పట్టీలు తయారయ్యాయి. చేత్తో ఎత్తి చూస్తే గుదిబండలే. ఓనరు చూస్తే గుండె పట్టుకునేవాడు.

వాటిని మెడలో వేసుకుని ఆ చెట్టుని దాటి నడిచింది. దూరం దూరంగా, ఎవరి మానాన వాళ్ళున్నట్టున్న రెండు చెట్లు వెతుక్కుని ఊయల కట్టింది. వెనకాల చప్పుడు మొదలైంది, కానీ ఆ చెట్టు ఇక్కడిదాకా రావాలంటే చాలా దూరం జరగాలి. వస్తే రానీ, పట్టీలు విప్పుకుని ఇంకో చోటికి పోతుంది.

చిన్నది ఊయలలో పడుకుని, మోకాళ్ళు గడ్డం దాకా తెచ్చుకుంది. తర్వాత మెల్లిగా, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూస్తూ చూస్తూ, కాళ్ళు చాపుకుంది. పాదాలకి ఏదీ తగల్లేదు.